ఇంజను ఉస్సురంటాంది

పోయిన వారం పుట్టపర్తిలో ఒక లాడ్జి వెనుక, రేకుల షెడ్డులో ఉన్నవాళ్లం ఐదుగురం: లాడ్జి మేనేజరు, ఆయన పిలిపించిన ఎలక్ట్రీషియను, వాచ్‌మన్, గదులు ఊడ్చే ఒకామె, కంపెనీ తరఫున బాగుచేయడానికి పోయిన నేను. ఉన్న వస్తువులు: నడవని డీజిల్ జనరేటరు ఒకటి, క్యాన్లు రెండు, ఇసుక బకెట్టు ఒకటి, ఎవరో విప్పి మళ్లీ బిగించని నట్లు నాలుగు. నేల మీద ఒలికిన డీజిల్ రేకుల వేడికి కాగి, మట్టితో కలిసి ఒక వాసన వస్తోంది. ఎన్ని షెడ్లలో పీల్చినా ఆ వాసన నన్ను మా చేని దగ్గరికే తీసుకుపోతుంది. "ఎందుకు స్టార్ట్ కావడం లేదో చూడండి సార్" అన్నాడు మేనేజరు. "అది తర్వాత చూద్దాం. నిన్న ఎట్ల నిలిచిందో ముందు చెప్పండి" అన్నాను. నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. జనరేటరు సంగతి అరగంటలో తేలింది కానీ, నేను రాయదలచుకున్నది దాని గురించి కాదు. ఎట్ల నిలిచిందన్న ఆ ప్రశ్న నాది కాదు. దాని యజమాని గురించి రాయాలి.

ఆయన పేరు నాగప్ప. ముదిగుబ్బలో బస్సులు ఆగే చోటికి వెనుక సందులో ఇంజన్లు బాగుచేసేవాడు. రెండేళ్ల కిందట పోయాడు. ఆయన్ను చూడనివాళ్ల కోసం చెప్పాలంటే: పొట్టి మనిషి, మోకాళ్ల పైకి కట్టిన పంచె, చెవి మీద ఎప్పుడూ ఒక బీడీ, కానీ డీజిల్ దగ్గర దాన్ని వెలిగించగా నేనెప్పుడూ చూడలేదు. కొట్టుకు బోర్డు లేదు. పనిముట్లు ఒక గుడ్డసంచిలో పట్టేవి. స్పానర్లు మూడు, స్క్రూడ్రైవరు ఒకటి, కటింగ్ ప్లేయరు ఒకటి, సైకిల్ ట్యూబు ముక్క ఒకటి, రాగి వాషర్లు వేసుకున్న ఆవాల డబ్బా ఒకటి. నేను మూడేళ్లు డిప్లొమా చదివిన వర్క్‌షాపులో గోడ నిండా పనిముట్లు ఉండేవి, ఒక్కొక్కదాని చుట్టూ పెయింటుతో దాని ఆకారం గీసి. అందుకే మొదటిసారి ఆ సంచిని చూసినప్పుడు నాకు నమ్మకం కలగలేదు.

నా డిప్లొమా అయిపోయిన ఏడు అది. ఉద్యోగం ఇంకా రాలేదు. మా ఊరు ముదిగుబ్బకు తొమ్మిది కిలోమీటర్లు. మూడెకరాల్లో వేరుశనగ వేశాం. విత్తిన తర్వాత రెండు వానలు బాగా పడి, చేని మూలన తవ్వుకున్న సేద్యపు కుంట నిండింది. ఆ తర్వాత ఇరవై మూడు రోజులు చినుకు లేదు. పూత రాలి, ఊడలు నేలలోకి దిగే సమయం. అప్పుడు నేల గట్టిగా ఉంటే ఊడ దిగదు, దిగకపోతే కాయ లేదు. కుంటలో ఉన్నది సరిగ్గా ఒక తడికి సరిపోయే నీరు. అదైనా నిలకడగా ఉండదు. ఎండకు కొంత, నేలలోకి కొంత, రెండు రోజులకు జానెడు దిగిపోతోంది. ఉన్న సాధనం ఒక్కటే, చేత్తో తిప్పి స్టార్ట్ చేసే ఐదు హార్స్‌పవర్ల డీజిల్ ఇంజను. కుంట ఎండి ఉండడంతో అది అంతకుముందు ఏడాదంతా కదల్లేదు.

ఆ రోజు పొద్దున అమ్మ ఇంజనుకు పూజ చేసింది. మా దగ్గర ఏ ఇంజనుకైనా సీజనులో మొదటిసారి నీళ్లు తోడే ముందు పసుపు, కుంకుమ, టెంకాయ తప్పవు. నాయన హ్యాండిలు తిప్పాడు. మూడో విడతకు అందుకుంది. పైపులో నీళ్లు వచ్చి మొదటి సాళ్లలోకి పారాయి. పదకొండు నిమిషాలకు ఆగిపోయింది. పదకొండు అని ఎలా తెలుసంటే, నేను నోటుబుక్కు పెట్టుకుని రాస్తున్నాను. అమ్మ మూత తీసి ట్యాంకులో డీజిల్ పోసింది. నేను డీజిల్ పైపులోని గాలి తీశాను. మళ్లీ తిప్పితే ఆరు నిమిషాలు నడిచింది. అమ్మ మళ్లీ పోసింది. ఈసారి రెండు నిమిషాలు. "తక్కువైతే గాలి పడ్తాదేమో, నిండా పొయ్" అన్నాడు నాయన. గొంతు దాకా నింపాం. రెండు దెబ్బలు కొట్టి ఆగింది. ఆ తర్వాత ఎంత తిప్పినా స్టార్ట్ కాలేదు.

నా దగ్గర కాలేజీలో రాసుకున్న జాబితా ఉంది, పదకొండు అంశాలు. వరసగా చూసుకుంటూ పోయాను. గాలి తీసే స్క్రూ దగ్గర డీజిల్ సన్నగా వచ్చి నిలిచిపోతోంది కాబట్టి ఫిల్టరు మూసుకుందని రాసుకున్నాను. కొత్తది తెచ్చి వేశాను. లాభం లేదు. మరునాడు పొద్దున ఇంజెక్టరు విప్పి కడిగి బిగించాను. లాభం లేదు. నాయన తిప్పి తిప్పి నొప్పెక్కిన తన భుజం పట్టుకుని గట్టు మీద కూర్చున్నాడు. "మూడేండ్లు సదివిచ్చినా. ఇప్పేది నేర్పిచ్చినారు గానీ నడిపిచ్చేది నేర్పియ్యలేదా మీ సార్లు?" అన్నాడు. ఇంతలో అమ్మ ఇంకోసారి మూత తిప్పి చూసి, "పాపం, ఇంజను ఉస్సురంటాంది రా" అంది. ఆమె ఆ మాట అనడం అది మూడోసారి. అమ్మ పాలిచ్చే ఎనుముకు జ్వరం వచ్చినా, మిక్సీ ఆగినా అలాగే జాలిపడుతుంది. నేను తలెత్తలేదు. నోటుబుక్కులో కూడా రాసుకోలేదు. కుంటలో నీటి అంచు తడిగీతను వదిలి కిందికి దిగి ఉంది. మధ్యాహ్నం సైకిలు తీసుకుని ముదిగుబ్బకు పోయాను.

నాగప్ప మూడు గంటలకు తన మోపెడ్ మీద వచ్చాడు. ఇంజనును ముట్టుకోలేదు. కనీసం దాని వైపు తిరిగి కూర్చోలేదు. చెంబుడు నీళ్లు తాగి, చేను చూసి, ఒక మొక్క పెరికి ఊడ ఎంత దిగిందో చూసి, అప్పుడు అడిగాడు.

"ఎట్ల నిలిచె?"

"స్టార్టే కావడం లేదు మామా" అన్నాను. అమ్మ ఆయన్ను అన్నా అంటుంది కాబట్టి నాకు మామ.

"కాకపోయేది నాకూ కనపడతాండ్లా అల్లుడా? ఇప్పటి సంగతి కాదప్పా. నిన్న నడిచి నిలిచెనే, అది ఎట్ల నిలిచె? దబుక్కున నిలిచెనా, ఈడ్చుకుంటా ఈడ్చుకుంటా నిలిచెనా?"

నాయన అందుకున్నాడు. "ఈడ్చుకుంటానే నిలిచె నాగప్పన్నా. దమ్ము ల్యాని మనిషి గుట్ట ఎక్కినట్ల."

"ఆఁ. మిషను ఇరిగింటే దబుక్కున నిల్చేది. ఇది తిండి అందక నిల్చింది. నువ్వేం రాసినావు సదువు."

నేను చదివాను. పదకొండు, ఆరు, రెండు, సున్నా. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. ప్రతిసారీ డీజిల్ పోశారా అని అడిగాడు. పోశామన్నాను. ప్రతిసారీ మునుపటి కంటే ఎక్కువ పోశారా అన్నాడు. అవునన్నాను. "ఎంత నింపితే అంత తొందరగా నిలిచ్చాందన్నమాట" అన్నాడు. అంకెలన్నీ నా చేతిలోనే ఉన్నాయి, నా చేతిరాతలోనే. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చదవడం మాత్రం నాకు తట్టలేదు.

తర్వాత ఆయన అమ్మ వైపు తిరిగాడు. "పోసింది నువ్వు గదమ్మా. నువ్వేం జూసినావు?"

అమ్మ కొంగు సర్దుకుంది. "నాకేం తెలుసున్నా ఇంజన్ల సంగతి."

"ఇంజన్ల సంగతి నీ కొడుకును అడుగుతా. నీ సంగతి చెప్పు."

"ఏం లేదు... మూత తీసినప్పుడల్లా ఉస్సురంటాంది. ఇంగ బిగుసుకుంటాంది కూడా. నిన్న మొదుట తేలిగ్గా తిరిగె. తర్వాత రెండు చేతులా పట్టి తిప్పల్ల."

నాగప్ప లేచాడు. "ఏదీ, మళ్లొకసారి అనిపియ్యి దాన్ని." అమ్మ రెండు చేతులతో మూత తిప్పింది. వేసవిలో ఎనుము ముక్కు నుంచి వచ్చినట్టు చిన్న ఊపిరి వినిపించింది. ఉస్స్. అది బయటికి వదిలిన ఊపిరి కాదు. గాలి ట్యాంకు లోపలికి పోతున్న చప్పుడు.

డీజిల్ ఇంజను ట్యాంకు మూతకు గుండుసూది తల అంత రంధ్రం ఒకటి ఉంటుంది. డీజిల్ కిందికి దిగే కొద్దీ ఆ రంధ్రం గుండా గాలి లోపలికి పోతుంది. అది మూసుకుపోతే లోపలి డీజిల్ దిగలేక నిలబడిపోతుంది. ట్యాంకులో ఖాళీ ఉంటే అక్కడి గాలి రబ్బరులా కొంతసేపు సాగుతుంది కాబట్టి పదకొండు నిమిషాలు. నిండా పోస్తే సాగడానికి గాలే ఉండదు. ఇదంతా నాకు తెలుసు. పరీక్షలో ఐదు మార్కులకు రాశాను. కానీ మూత ఒక భాగమని నా జాబితాలో లేదు.

నాగప్ప గట్టు మీది జాలి తుమ్మ నుంచి ఒక ముల్లు విరిచాడు. అమ్మకు, నాయనకు వీపు పెట్టి నిలబడి మూతను అరచేతిలో తిప్పుకుంటూ రంధ్రంలో గుచ్చాడు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి ముల్లు కొనకు వచ్చింది కనిపించింది. ఎండి గట్టిపడిన పసుపు, దాని మీద ఎర్రగా కుంకుమ. ఇంజనుకు అన్నిటికంటే పైన ఉండేది ఆ మూత. అమ్మ దాన్నే నుదురనుకుని గంధంలాగా పూసి బొట్టు పెట్టింది. నేను నోరు తెరిచాను. నాగప్ప నా వైపు చూడకుండానే మోచేత్తో నా పక్కటెముకల్లో ఒకటి పొడిచాడు. ముల్లును పంచెకు తుడిచి పారేశాడు.

"ఏముండె?" అన్నాడు నాయన.

"చెత్త. యాడాది కూసున్న ఇంజను గదా, ఏదో పట్టుకుంటాది" అన్నాడు. మూత బిగించి నాతో గాలి తీయించాడు. ఈసారి స్క్రూ దగ్గర డీజిల్ తెగకుండా వచ్చింది. హ్యాండిలు నా చేతికే ఇచ్చాడు. నేను పట్టుకోగానే కసిరాడు. "బొటనేలు తియ్! చుట్టి పట్టుకోగాకు. యెనక్కి తంతే ఏలు నీది కాదు." తన కుడి బొటనవేలు చూపించాడు. అది మధ్యలో వంకరగా అతికి ఉంది. "ఇది నా డిప్లొమా." ఐదు వేళ్లూ ఒకే వైపు ఉంచి తిప్పాను. చక్రం వేగం అందుకోగానే తేలిగ్గా తిరగడానికి ఆయన పైన ఎత్తి పట్టుకున్న లివరు వదిలాడు. ఇంజను నల్లగా ఒకసారి దగ్గి, అందుకుంది. పదకొండు నిమిషాలు దాటే వరకు అందరం ఇంజను పక్కనే నిలబడ్డాం. పన్నెండో నిమిషంలో అమ్మ పార తీసుకుని సాళ్ల వైపు పోయింది.

ఆయన వెళ్లబోతూ, సంచి మోపెడ్‌కు తగిలిస్తూ, ఏదో అప్పుడే గుర్తొచ్చినట్టు అమ్మను పిలిచాడు. "ఏమ్మా, బొట్టు మూత మీద పెడ్తాండావు. దాని మీద డీజిల్ కారి చెరిగిపోతాది. చెరగడం మంచిది కాదు. తిరిగేది చక్రం, దానికి పెట్టు. నీళ్లు తెచ్చేది అదే గదా."

"అవునన్నా, అదీ నిజమే" అంది అమ్మ.

రోడ్డు దాకా ఆయన వెంట నడిచాను. నాకు కోపంగా ఉంది. చదువుకున్న కోపం. ఉన్న కారణం ఉన్నట్టు చెప్పకపోతే మనుషులు ఎలా నేర్చుకుంటారని అడిగాను. ఆయన మోపెడ్ ఆపాడు.

"నేర్చుకోలేదా? ఇంగ మూత మీద పెట్టదు. నీగ్గావల్సింది అదే గదా?"

"కానీ అబద్ధం చెప్పినావు మామా."

"చెప్పినా. నిజం చెప్తే ఏమైతాదో ఇను. మీ నాయన రెండు రోజుల మంట ఆయమ్మ మీద పోస్తాడు. ఆయమ్మ ఏడుస్తాది. అది పోనీ. ఆ పొద్దు నుంచి ఇంజను కాడ నోరు తెరవదు. ఈసారి ఉస్సురన్యా నీకు చెప్పదు. చెప్తే నాదే తప్పంటారేమోనని మూసుకుంటాది. అప్పుడు నీకు ఎవరు చెప్తారప్పా? నీ పుస్తకమా?"

ఆయన బీడీ చెవి మీద నుంచి తీసి, రోడ్డు మీద కాబట్టి వెలిగించుకున్నాడు. "మూడుసార్లు చెప్పింది నీకు. ముగ్గురిలో జబ్బు కనుక్కున్యది ఆమే. నేను ముల్లు పెట్టి పొడిచినా, అంతే" అన్నాడు.

ఆ తర్వాత ఉద్యోగం వచ్చే వరకు ఏడు నెలలు ఆయన కొట్లో కూర్చున్నాను. ఆయన నాకు పాఠం చెప్పినట్టు ఎన్నడూ లేదు. రైతు వస్తే బెంచీ మీద కూర్చోబెట్టి టీ చెప్పేవాడు, ఎట్ల నిలిచె అని అడిగేవాడు. నిలిచేటప్పుడు ఇంజను దగ్గర ఎవరున్నారని అడిగి, ఆ మనిషి రాకపోతే మరునాడు పిలుచుకురమ్మనేవాడు. ఒకతను డీజిల్ బదులు కిరోసిన్ పోసి ఆ సంగతి మూడు రోజులు దాచిపెట్టాడు. నాగప్ప తిట్టలేదు. "నేనూ పోసినా ఒగతూరి" అన్నాడు. నిజంగా పోశాడో లేదో నాకు తెలియదు. ఆ తర్వాత ఆ మనిషి ఏం జరిగినా పరిగెత్తుకొచ్చి ముందుగా చెప్పేవాడు. ఈ ఆరేళ్లలో నేను విప్పిన ఇంజన్లలో ఎక్కువ వాటిని పాడుచేసింది అరుగుదల కంటే భయం. ఎవరో ఏదో చూశారు, విన్నారు, చెప్పలేదు. మా కంపెనీ ఫారంలో 'బాధ్యులు' అని ఒక గడి ఉంటుంది. నేను దాన్ని ఖాళీగా వదిలేస్తాను. రెండుసార్లు మెమో ఇచ్చారు.

నాయనకు ఈ రోజుకీ తెలియదు. అమ్మకు తెలుసేమో, అడగలేదు. ఆ రోజు ఇంజను చీకటి పడే వరకు, మరునాడు పొద్దున ఆరు నుంచి కుంట అడుగున బురద తేలే వరకు ఆగకుండా నడిచింది. తడి అందిన చోట పంట నిలబడింది, ఇంట్లో విత్తనానికి మిగిలింది. కోత రోజున నేను చేని చివరకు పోయి, నీళ్లు అందకముందే కుంట అయిపోయిన భాగాన్ని చూశాను. మొక్కలు ఎదగలేదు, పెరికితే ఊడలు గాలిలోనే ఎండి ఉన్నాయి. అమ్మ మొదటిసారి చెప్పినప్పుడే నేను తలెత్తి ఉంటే, ఆ రెండు రోజుల్లో ఇంకిపోయిన జానెడు నీరు అక్కడికి చేరేది. అటు చివర నుంచి ఇటు వరకు నడుస్తూ లెక్కపెట్టాను. నలభై ఆరు సాళ్లు.