కడిగిన ఉప్పు

జౌకలా బుఢా తన అత్తగారి చేతిని కొడవలితో నరికిన రోజున బార్లీ కోతలు సగంలో ఉన్నాయి. అత్త నందకలి ఎడమ చేతి వేళ్లు రెండు తెగి కళ్లంలో పడ్డాయి. జౌకలా పారిపోలేదు, ఏడవలేదు. కొడవలి నెత్తుటిని పావడాకు తుడిచి, "ఈవిడ నా పాప పీక పిసుకుతుందని తిరగలి చెప్పింది. నేనే ముందు నరికాను" అంది. గొంతు మగవాడి గొంతులా బొంగురుపోయి ఉంది.

ఆమెకు అప్పటికి ఇరవై ఆరేళ్లు. మొగుడు మూటలు మొయ్యడానికి కొండలు దిగి, సరిహద్దు దాటి ఇండియా పోయి రెండేళ్లయింది. మెడ కింద కోడిగుడ్డంత గడ్డ. దాన్ని ఎవరూ జబ్బనుకోలేదు. మా కర్నాలీ కొండల్లో గడ్డ లేని ఇల్లుందా? పెళ్లిచూపుల్లో మగపెళ్లివారు దాన్ని చూసి, "పూసల దండ జారకుండా బాగుందిలే" అని నవ్వుకున్నారు. వాళ్లకు కావలసింది వేరే. రాళ్లుప్పు ఇచ్చి కడగమన్నారు. గాడిదల మీద, మురికి గోతాల్లో వచ్చే సర్కారు ఉప్పది. దాన్ని కడక్కుండా కూరలో వేసే ఇల్లు మా లెక్కలో ఇల్లే కాదు. ఒకటి రెండు నీళ్లు చాలనుకునే చోట జౌకలా మూడు నీళ్లు కడిగింది. "పిల్లంటే ఇదీ!" అంది నందకలి.

రెండో కాన్పయ్యాక ముఖం ఉబ్బింది. జుట్టు కుచ్చులుగా ఊడింది. మిట్టమధ్యాహ్నం ఎండలో కంబళి కప్పుకుని వణికేది. పిలిస్తే ఎప్పటికో పలికేది. సోమరిపోతన్నారు. తమ్ముడి పెళ్లాన్ని బావగారు తాకకూడదు, మాలో అది పాపం. అందుకని బావ కర్ణబీర్ చెయ్యి మైలపడకుండా కర్రతో కొట్టేవాడు. పిండి పట్టించడానికి వాగు ఒడ్డున నీటి తిరగలికి వెళ్లినప్పుడల్లా ఆ రాయి తనతో మాట్లాడుతోందని జౌకలా మొదట ఎవరికీ చెప్పలేదు. చెబితే ఎన్ని దెబ్బలు పడతాయో ఆమెకు తెలుసు.

కొడవలి దెబ్బ తర్వాత గేదె గొలుసుతో కొట్టంలో కట్టేశారు. మా మంత్రవైద్యుడు ధామి వచ్చాడు. దేవుడు ఒంటి మీదికొస్తే ఊగిపోయి చెప్పాడు: "దీని గొంతులో మంత్రగత్తె గూడు కట్టింది." ముందు దురదగొండి కట్టలతో ఒళ్లంతా బొబ్బలెక్కేలా బాదాడు. తర్వాత పట్టకారు ఎర్రగా కాల్చి మెడ మీది గడ్డకు ఆనించాడు. నలుగురు మగవాళ్లు తాళ్లతో లాగి పట్టారు. చర్మం చిటపటలాడిన చప్పుడు వాకిట్లోకి వినిపించింది. ఊరంతా చూశాం. నేనూ చూశాను. ఒక్కరమూ అడ్డుపడలేదు.

"పున్నమికి గడ్డ కోసేస్తాను" అని చెప్పి ధామి వెళ్లిపోయాడు.

పున్నమికి ఇంకా తొమ్మిది రోజులు. మర్నాడు బిర్మా వచ్చింది. కమ్మరి కులం మనిషి, ఊరి ఆరోగ్య కార్యకర్త. ఆ ఇంటి గడప ఆమె తొక్కకూడదు. పశువుల కొట్టానికి గడప లేదు కాబట్టి లోపలికి వెళ్లింది. వేసవిలో కూడా జౌకలా ఒళ్లు వాగులో చేపలా చల్లగా ఉంది. కాలిన చోటు పక్కనుంచి బిర్మా మెల్లగా గడ్డను తడిమింది.

"నన్ను తాకావే, వాళ్లు చూస్తే నిన్నూ కొడతారు" అంది జౌకలా. మళ్లీ తనే, "చెయ్యి వెచ్చగా ఉంది. తియ్యకు" అంది.

బిర్మా వాకిట్లోకొచ్చి కర్ణబీర్ ఎదుట నిలబడింది. "అయ్యా, మెడ కోస్తే ఈవిడ చస్తుంది. చస్తే ఠాణాలో నీ పేరే చెబుతాను."

"కోసేది ధామి కదే!"

"దేవుడి మీద కేసు రాసుకోరుగా. నీ మీద రాసుకుంటారు."

కర్ణబీర్ కర్రెత్తాడు. నుదురు పగిలింది. నెత్తురు కారుతుంటే బిర్మా అక్కడే నిలబడి అదే మాట మళ్లీ అంది. మూడోసారి అనబోతుంటే అతను కర్ర దించాడు.

జౌకలాను వీపుబుట్టలో కూర్చోబెట్టి రెండు రోజులు మోసుకెళ్లారు. పట్నం ఆస్పత్రిలో డాక్టరు నాలుగు ప్రశ్నలడిగి, స్కిజోఫ్రీనియా అని రాసి, మందు చీటీ చేతిలో పెట్టాడు.

"మెడ చూడరా బాబూ?" అంది బిర్మా.

"మీ జిల్లాలో ఎవరి మెడ ఇలా లేదమ్మా?"

"అందరికీ ఉంటే జబ్బు కాకుండా పోతుందా? అందరికీ ఆకలి ఉంది, అన్నం మానేస్తున్నామా?"

డాక్టరు తలెత్తి ఆమె నుదుటి కట్టు చూశాడు. లేచొచ్చి జౌకలా మెడ పట్టి చూశాడు. విమానంలో పంపిన రక్తానికి పదకొండు రోజులకు జవాబొచ్చింది: అందులో థైరాయిడ్ హార్మోను దాదాపు లేదు. డాక్టరు చెప్పాడు: "ఈ గ్రంథి చచ్చుబడితే కొందరికి లేని గొంతులు వినిపిస్తాయి. కొందరికి స్కిజోఫ్రీనియా విడిగానే ఉంటుంది, ఇది దాన్ని ఎగదోస్తుంది. ఈవిడది ఏదో ఇప్పుడే చెప్పలేను. రెండు మందులూ వాడాలి. ఇంతకీ మీరు ఏ ఉప్పు తింటారు?"

"అయోడిన్ కలిపిన సర్కారు ఉప్పే. శుభ్రంగా కడిగి మరీ..." అంటూ బిర్మా ఆగిపోయింది. ఆమె కూడా రెండు నీళ్లు కడుగుతుంది.

నాలుగు నెలలకు జౌకలా నడిచి ఇంటికొచ్చింది. గొంతు ఆడగొంతయింది. తిరగలి అప్పుడప్పుడూ పేరు పెట్టి పిలుస్తూనే ఉంది. "పిలవనీ, నేను పలకను" అనేది.

నందకలి మూడు వేళ్ల చేత్తో గిన్నెలో ఉప్పు కడుగుతోంది.

"అత్తా, కడక్కు. అందులో కలిపిన మందంతా నీళ్లలో పోతుంది."

"వేళ్లు నరికినదానివి, నాకు ఉప్పు నేర్పుతావటే?"

జౌకలా గిన్నె లాక్కుంది. నీళ్లు ఒలికాయి. "తిరగబెట్టిందిరోయ్!" అని అరుస్తూ కర్ణబీర్ కొట్టంలోంచి గొలుసు తెచ్చి ఆమె మెడ మీదికి విసిరాడు. కాలిన మచ్చ మీదే పడింది. జౌకలా రెండో కొస అందుకుని అతని మూతి మీద కొట్టింది. పన్ను ఊడి ఉప్పునీళ్లలో పడింది. జనం పరిగెత్తుకొచ్చారు.

ఆమె గొలుసు కింద పడేసింది. "అందరూ వినండి. ఆనాడు నా చేత కొడవలి ఎత్తించింది తిరగలి. ఈ దెబ్బ ఏ గొంతూ చెప్పలేదు, నేనే కొట్టాను. మళ్లీ గొలుసు తెస్తే మళ్లీ కొడతాను."

నందకలి లేచి కోడలి ముఖంలోకి చాలాసేపు చూసింది.

"నోరు పుక్కిలించుకోరా" అంది కొడుకుతో. "నా వేళ్లు తెగిన రోజున దీని కళ్లు ఇలా లేవు. ఇది నా కోడలే."

ఆ పూట గోతంలోంచి తీసిన ఉప్పు తీసినట్టే కూరలో పడింది. వాచిన మూతితో కర్ణబీర్ ఓ ముద్ద తిని, "ఛీ, అంతా ఇసక" అన్నాడు.

"నమలండి బావగారూ" అంది జౌకలా. "ఇంకా పళ్లున్నాయిగా."