కంప్యూటరు ఆగిపోవడంపై గార్డు ఎంక్వైరీ

సాయంత్రం నాలుగు గంటల పదిహేడు నిమిషాలకు మా అమ్మ గ్రైండరు స్విచ్ వేసింది. ఇడ్లీలు తినే ఇంట్లో ఇదేమీ వార్త కాదు. కాని అదే క్షణంలో పక్కగదిలో నా కంప్యూటరు టప్పున ఆరిపోయింది. అక్కణ్ణించి రెండు వారాల్లో నేను శాస్త్రవేత్త హోదానుంచి ముద్దాయి హోదాకు ఎలా దిగానో చెబుతాను. మీరు నవ్వుకోవచ్చు. అప్పట్లో నాకు నవ్వు రాలేదు.

తొంభైల మధ్యలో సంగతి. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మాది రెండు గదుల క్వార్టరు. నాన్న గూడ్సు బండి చివరి పెట్టెలో గార్డు. నేను కంప్యూటరు డిప్లొమా చదువుతూ, ఊళ్ళోనే తోర్వా పేటలో ఒకాయన వదిలించుకున్న పాత కంప్యూటరును ఇంటికి తెచ్చుకున్నాను. నలభై పేజీల ప్రాజెక్టు రిపోర్టు రెండు వారాల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే సర్టిఫికెట్ కోసం ఇంకో ఏడాది ఆగాలి. నేను టైపు చేస్తాను, అది ఆరిపోతుంది. మాటిమాటికీ సేవ్ చేస్తే ఫ్లాపీ అరిగిపోతుందని నా నమ్మకం. అందుకని అధ్యాయం పూర్తయితే తప్ప సేవ్ చేసేవాణ్ణి కాదు. అధ్యాయం పూర్తయ్యేదీ కాదు.

"ఏటిరా, మళ్ళీ పోనాదా నీ పెట్టె?" అంది అమ్మ గుమ్మంలోంచి.

"నీ గ్రైండరు వల్లే. కరెంటంతా అదే లాగేస్తోంది."

"మొన్న నాను పెళ్ళికెళ్ళినప్పుడు కూడా పోనాది కదా?"

"అది వైరస్."

"అచ్ఛా! నానుంటే నాను, నేకపోతే వైరస్సు. ముందు ఆ కాలు ఊపడం మానరా. ఇంటికి మంచిది కాదు."

"అమ్మా, ఇది సైన్సు. ఇందులో కాళ్ళ ప్రసక్తి లేదు."

ఈ మాట గుర్తుంచుకోండి. నేను మర్చిపోదామనుకున్నా మా ఇంట్లో మర్చిపోనివ్వలేదు.

ఆ రోజే గ్రైండరును నిషేధించాను. అమ్మ పెరట్లో రోలు కడుక్కుని, భుజం నొప్పితోనే రుబ్బడం మొదలుపెట్టింది. మర్నాడు కంప్యూటరు ఒక్కసారి కూడా ఆగలేదు. సిద్ధాంతం రుజువైందని పొంగిపోయాను. ఆ రోజు నేను చేసిందల్లా పట్టికలకు గీతలు గీయడం. ఆలోచించాల్సిన అవసరమే రాలేదు. ఈ సంగతికి ఎంత ప్రాధాన్యం ఉందో అప్పటికి నాకు తెలియదు.

ఆ మరుసటి రోజు మూడుసార్లు ఆరిపోయింది. రోలుకు కరెంటుతో పని లేదు కాబట్టి కొత్త దోషిని వెతికాను. "గూడ్సు బండ్లు వెళ్తుంటే గోడలు అదురుతున్నాయి. దానివల్లే," అన్నాను.

అంతవరకూ పేపరు చదువుకుంటున్న నాన్న తల ఎత్తాడు. అమ్మను అన్నప్పుడు ఎత్తని తల, బండిని అనేసరికి లేచింది.

"బండి మీద నేరం మోపితే ఊరికే పోదు. ఎంక్వైరీ ఉంటాది."

నోటుబుక్కులో గళ్ళు గీశాడు. ఆగిన టైము, అప్పుడు వెళ్ళిన బండి, ఇంట్లో ఎవరెక్కడ. అందరి దగ్గరా స్టేట్‌మెంట్లు తీసుకున్నాడు.

"సంఘటన టైముకి నువ్వెక్కడున్నావు?" అని అమ్మను అడిగాడు.

"రోటి కాడ."

"సాక్షి?"

"నా భుజం."

నా వంతు వచ్చింది. "ప్లగ్గు చూసావా?"

"చూశాను. వదులుగా ఉంటే అగ్గిపుల్ల దూర్చి బిగించాను," అన్నాను గర్వంగా. నాన్న అది కూడా రాసుకున్నాడు.

గడువు సోమవారం. శనివారం మధ్యాహ్నానికి నా దగ్గర ఉన్నవి పదకొండు పేజీలు. నాన్న స్టూలు తెచ్చి నా వెనక వేసుకున్నాడు.

"ఇటు ముందుకు రా నాన్నా, అక్కణ్ణించి స్క్రీను కనబడదు."

"ముందు చూసేవోడు డ్రైవరు. నా డ్యూటీ ఎప్పుడూ వెనకే."

నాలుగో అధ్యాయంలో లెక్క తేలక ఆలోచనలో పడ్డాను. టప్పు.

"గూడ్సు వెళ్ళిందా?" అన్నాను ఆశగా.

"నేదు."

"గ్రైండరు?"

"దాని మీద మీ అమ్మ దుప్పటి కప్పీసింది. మళ్ళీ ఆన్ చెయ్యి. ఇప్పుడు కాలు ఊపు."

"ఏమిటి?"

"ఊపరా!"

ఊపాను. బొటనవేలు కింద వైరు కదిలింది, నేలమీది బోర్డులో అగ్గిపుల్ల ప్లగ్గు జరిగింది, తెర నల్లబడింది. ఆపాను. ప్లగ్గు మళ్ళీ సర్దుకుంది, బటన్ నొక్కితే వెలిగింది. నాన్న యార్డులో షంటింగ్ చేయిస్తున్నట్టు చేత్తో సిగ్నల్ ఇస్తూ "ఊపు", "ఆపు" అని మరో మూడుసార్లు పరీక్షించాడు.

తర్వాత తీర్పు రాసి, రోటి దగ్గరకు వెళ్ళి అమ్మకు వినిపించాడు: "కారణం, ఆలోచనలో పడితే ఊగే స్టాఫ్ కుడికాలు. గూడ్సు నిర్దోషి. గ్రైండరు నిర్దోషి." కింద నా చేత సంతకం పెట్టించాడు.

అమ్మ చెయ్యి కడుక్కుంది. తిడుతుందనుకున్నాను.

"ఇంకెన్ని పేజీలున్నాయి?"

"ఇరవైతొమ్మిది."

"అయితే కూకో. కాలు సంగతి నాను సూస్తాను."

ఆ రెండురోజులూ బల్ల పక్కన పీట వేసుకుని, చింతపండులో గింజలు తీస్తూ కూర్చుంది. నా మోకాలు కదిలితే గరిటెతో ఒకటి వేసేది. సోమవారం పొద్దున నలభై పేజీలూ ఇచ్చి వచ్చాను. సాయంత్రం గ్రైండరును సకల మర్యాదలతో తిరిగి డ్యూటీలోకి తీసుకున్నాం.

ఆనాడే ఆ నోటుబుక్కు మీద చెయ్యివేసి ప్రమాణం చేశాను. ఇకమీదట నా దగ్గర ఏ యంత్రం ఆగినా, మనుషులనూ బండ్లనూ వైరస్‌నూ అనేముందు నా కాళ్ళు చూసుకుంటానని. ఆ ప్రమాణం తప్పలేదు. కాలు మాత్రం ఇప్పటికీ ఊగుతుంది. అమ్మ పోయాక మా ఇంట్లో ఎవరూ నన్ను కాలు ఊపొద్దని అనడం లేదు.