గిమ్లీ మంచు మీద ఎర్ర కార్వెట్

జనార్ధనరావు గారు కార్వెట్ స్పోర్ట్స్ కారు నడిపిన సంగతి ఈ కెనడా విన్నిపెగ్ తెలుగువాళ్ళలో తెలియనివాళ్ళు లేరు. కొత్తగా దిగిన స్టూడెంట్‌కి, ఉద్యోగానికి కావలసిన సిన్ నంబరు కంటే ముందు ఈ కథ చేతికొస్తుంది.

1977 ఫిబ్రవరిలో ఆయన ఇక్కడ సివిల్ ఇంజనీరింగ్‌లో మాస్టర్స్ చదువుతూ, సాయంత్రాలు ఒక కార్ల షోరూమ్‌లో కార్లు కడిగేవారు. ఆ షోరూమ్ ఓనరుకి తన దుకాణం మీద ఒక ప్రచార చిత్రం తీయించాలని బుద్ధి పుట్టింది. గిమ్లీ ఊరి దగ్గర సరస్సు అడుగుల మందాన గడ్డకట్టి ఉంది. దాని మీద ఎర్ర కార్వెట్ మంచు చిమ్ముకుంటూ దూసుకుపోవాలి. బయట మైనస్ ఇరవై ఎనిమిది. అయినా అందం కోసం కారు పైకప్పు పలకలు పీకించారట. ఆ కారు నడిపింది తానేనని ఆయన చెబుతారు.

రెండేళ్ళ తర్వాత కాకినాడలో పెళ్ళిచూపుల్లో కూడా ఇదే చెప్పారు. దమయంతి ఆంటీకి అప్పటికే మూడు సంబంధాలు వచ్చి ఉన్నాయి, ముగ్గురూ బ్యాంకు ఉద్యోగులే. "ఆ ముగ్గురికీ నాతో చెప్పడానికి ఒక్క ముక్క లేదు. ఈయన మంచు మీద కారు నడిపానన్నారు. సరే అన్నాను" అని ఆంటీ ఇప్పటికీ ప్రతి పెళ్ళిలోనూ చెబుతారు. అంటే ఆ సంసారానికి పునాది రాయి ఆ కార్వెట్టే.

ఆ తర్వాత ఆయన జీవితంలో ఎర్ర రంగు పెద్దగా లేదు. ముప్పై ఒక్క ఏళ్ళు ప్రావిన్స్ హైవేల డిపార్ట్‌మెంట్‌లో, ఏ రోడ్డు ఏ చలికాలానికి ఎంత పగులుతుందో లెక్క కట్టారు. ఇప్పటికీ నడిపేది బూడిద రంగు వ్యాను. రిటైరయ్యాక సాయంత్రమయితే కంప్యూటర్ ముందు కూర్చుని అరవైల నాటి, డెబ్బైల నాటి అమెరికన్ కార్ల ప్రచార చిత్రాలు చూస్తారు. గంభీరమైన గొంతుతో ఒకాయన ఇంజిన్ గొప్పలు చెబుతుంటాడు, వెనక బాకాలు మోగుతుంటాయి, కొండ అంచున కారు మలుపు తిరుగుతుంది. "ఆ సినిమాల్లో ఒక్క గుంట కనపడదు చూశావా" అని రోడ్ల ఇంజనీరు గారు నిట్టూరుస్తారు. మాటలన్నీ ఆయనకు కంఠతా వచ్చు. కానీ తను నడిపిన సినిమా మాత్రం ఎక్కడా లేదు. షోరూమ్ మూతబడి, ఆ చోట ఇప్పుడు పరుపులు అమ్ముతున్నారు.

ఇది సుబ్బరాజు గారికి పండగ. ఆయన స్టాటిస్టిక్స్ ప్రొఫెసర్‌గా రిటైరయ్యారు, సాక్ష్యం లేకపోతే పొద్దు పొడిచిందన్నా ఒప్పుకోరు. నలభై ఏళ్ళుగా స్నేహితుణ్ని ఒకటే అడుగుతున్నారు, ఒక్క ఫొటో అయినా చూపించమని.

పోయిన నెల ఆ సినిమా నాకు దొరికింది. షోరూమ్ ఓనరు కొడుకు తండ్రి గరాజ్ ఖాళీ చేస్తూ పాత రీళ్ళు నెట్‌లో పెట్టాడు. తొమ్మిది నిమిషాలు. గిమ్లీ, సరస్సు, ఎర్ర కార్వెట్, అంతా కథలో ఉన్నట్టే ఉంది. స్టీరింగ్ దగ్గర మాత్రం బంగారు జుట్టు దొరసాని ఉంది. ముక్కు దాకా పసుపు స్కార్ఫు, నల్ల కళ్ళద్దాలు, బొచ్చు కాలరు కోటు.

నేను కడుపు పట్టుకుని నవ్వాను. మా తెలుగు సంఘంలో ప్రొజెక్టర్ తగిలించడం వచ్చినవాణ్ని నేనొక్కణ్నే కాబట్టి, శనివారం తలా ఒక వంట తెచ్చుకునే పెద్దల పాట్‌లక్ భోజనాల్లో 'జనార్ధనరావు గారి కార్వెట్ సినిమా, తొలి ప్రదర్శన' అని పెట్టి, గ్రూపులో అందరికీ పంపేశాను. కాసేపు ఏడిపించి వదిలేద్దామనే తప్ప ఇంకో ఉద్దేశం లేదు.

సోమవారం జనార్ధనరావు గారు ఫోన్ చేశారు. సినిమా మొత్తం చూశావా అని అడిగారు. మీతో కలిసి చూద్దామని ఆగాను అంకుల్ అని అబద్ధం చెప్పాను. మంగళవారం మళ్ళీ ఫోన్, ముసలివాళ్ళకి పాత ప్రింటు చూస్తే కళ్ళు నొప్పెడతాయేమో అని. గురువారం మధ్యాహ్నం స్వయంగా వచ్చారు. కోటు విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డారు. బూట్ల మంచు కరిగి మడుగు కడుతోంది, ఆయన చూసుకోలేదు.

"శనివారం మంచు పడుతుందంటున్నారు. వాయిదా వేస్తే పోలా?"

"పెద్దగా ఏం పడదట అంకుల్."

"ప్రొజెక్టర్ పాడయిందని చెప్పకూడదూ?"

ఆ గొంతు విన్నాక నాకు నవ్వు రాలేదు. ఆపేద్దామని ఆయన ముందే ఆంటీకి ఫోన్ చేశాను. ఆవిడ అప్పటికే బ్రాంప్టన్‌లో చెల్లెలికీ, కిచెనర్‌లో కూతురికీ వీడియో కాల్‌లో చూడమని చెప్పేశారు. అరవై బొబ్బట్లు చేస్తున్నారట. "నలభై ఆరేళ్ళ తర్వాత చూస్తున్నాను నాయనా" అన్నారు. స్పీకర్‌లో ఆ మాట ఆయనా విన్నారు. మెట్లు దిగి వెళ్ళిపోయారు.

శనివారం హాల్లో యాభై మంది ఉన్నారు. ఆయన పళ్ళెంలో పెరుగన్నం పెట్టించుకుని ఒక్క ముద్ద తినలేదు. ఆంటీ మొదటి వరసలో కూర్చుని ఫోన్ తెరవైపు తిప్పి పట్టుకున్నారు. నేను సినిమా వేశాను.

బాకాలు. సరస్సు. కారు. తర్వాత దొరసాని.

ఎవరూ ఆయన వైపు చూడకుండా మర్యాద పాటించారు, అది ఇంకా ఘోరంగా ఉంది.

"ఏమయ్యా, నువ్వు డిక్కీలో పడుకున్నావా?" అన్నారు సుబ్బరాజు గారు.

వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"ఆ మోడల్‌కి డిక్కీ తలుపు ఉండదు" అన్నారు జనార్ధనరావు గారు, పక్కనున్న నాకు తప్ప ఎవరికీ వినపడనంత మెల్లగా.

ఆంటీ నవ్వలేదు. కోపం కూడా కనపడలేదు. ఫోన్ నెమ్మదిగా దించి ఒళ్ళో బోర్లా పెట్టుకున్నారు. ఈ పాపం నాదే. ఆపేద్దామని మౌస్ కోసం వెతుకుతున్నాను.

తెర మీద కెమెరా కారు కిటికీ దగ్గరకొచ్చింది. దొరసాని బయల్దేరబోతూ కుడిచేతి గ్లవ్ తీసింది. స్టీరింగ్‌ని వేళ్ళతో తాకింది. ఆ వేళ్ళు రెండు కళ్ళకీ ఆనించుకుంది, నల్ల అద్దాల మీదే. తర్వాత గేరు వేసింది. అంతా కలిపి ఒక్క సెకను, పాత ప్రింటులో ఆ చెయ్యి కూడా మసకే. నేను నాలుగుసార్లు చూసినప్పుడు అద్దాలు సర్దుకుంటోంది అనుకున్నాను.

"అదేమిటి, కళ్ళకద్దుకుంది?" అన్నారు బాలత్రిపురసుందరి గారు. ఆవిడ ఎనభై దాటిన డాక్టరు, హాల్లో అందరికంటే పెద్ద.



"వెనక్కి తిప్పు" అన్నారు ఆంటీ.

తిప్పాను. మళ్ళీ తాకింది, మళ్ళీ కళ్ళకద్దుకుంది. మూడోసారి తిప్పేసరికి జనం కుర్చీల్లోంచి లేచి ముందుకొచ్చారు. ఏ దొరసాని కారెక్కి స్టీరింగ్‌కి దణ్ణం పెడుతుంది?

ఆంటీ భర్త వైపు తిరిగారు. "మీరేనా?"

ఆయన తలూపారు. తర్వాత నేలకేసి చూస్తూ చెప్పుకొచ్చారు. టొరంటో నుంచి తెచ్చిన మోడల్ అమ్మాయికి క్లచ్ తొక్కడం రాలేదు. సేల్స్‌మన్లెవరికీ ఆ కోటు పట్టలేదు. కార్లు కడిగే కుర్రాడు యాభై ఒక్క కిలోలు, పైగా రాజోలులో మేనమామ లారీ మీద డ్రైవింగ్ నేర్చుకున్నాడు. విగ్గు పెట్టారు. మీసం కనపడకుండా స్కార్ఫు ముక్కు దాకా లాగారు.

"మరి ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదండీ?"

"పెళ్ళిచూపుల్లో విగ్గు సంగతి ఎలా చెప్పను? ఆ రోజు చెప్పలేదు. మర్నాటి నుంచి ఇంకెలా చెప్పను?"

హాలు పగలబడి నవ్వింది. సుబ్బరాజు గారు చప్పట్లు కొట్టారు, ఆయన దేనికైనా చప్పట్లు కొట్టడం నేను చూడ్డం అదే మొదలు. ఆంటీ నవ్వారో లేదో నాకు తెలీదు, కొంగు నోటికి అడ్డంగా ఉంది. ఫోన్ మళ్ళీ తెరవైపు ఎత్తి, మొదటినుంచి వెయ్యమన్నారు.

వేశాను. అంకుల్ తెర చూడలేదు. ఆంటీ మొహమే చూస్తున్నారు. కోపం వచ్చిందా అని మెల్లగా అడిగారు.

"ఉండండి" అన్నారు ఆంటీ, కళ్ళు తిప్పకుండా. "మీరు గేరు మారుస్తున్నారు."