అవ్వ జాన, నా జాన

ఎనభైల మొదట్లో కేసముద్రం స్టేషన్ దగ్గర నాకో కుట్టుమిషను ఉండేది. ఊరంతా టెర్లిన్‌కు మారింది. అది చిరగదు. చిరగని బట్టతో దర్జీ ఏం చేస్తాడు? ఈ వానలలోపు పని దొరక్కపోతే మిషను అమ్మి, మార్కెట్ యార్డులో పత్తి బస్తాలు మొయ్యమన్నాడు బాపు. బట్ట నుంచి పత్తికి. చదువులోనూ నేను వెనక్కే నడిచాను.

అప్పుడే హైదరాబాదులో దుకాణం నడిపే ఒకామె ఆరు కోట్లు కుట్టమంది. ఊళ్లో గౌరవం పెరిగింది, తొడుక్కునే కోట్లని తెలిసేదాకా. చేనేత ముతక బట్ట, ముందు గుండీల వైపు బట్టకు బదులు తండా అద్దాల పట్టీలు. కొత్తగా ఉండాలట, మన పాతదే అయ్యుండాలట.

పట్టీల కోసం తండాలోని ఒక లంబాడా అవ్వ దగ్గరికి పోయాను. ఆమె కత్తెర ముట్టదు. పాత లంగాల అంచులు విప్పి కొత్తవాటికి ఎక్కిస్తుంది.

"ఎంత ఎడల్పు, కొడుకా?"

టేపు మర్చిపోయాను. "జానెడు, అవ్వా."

"తొడిగేటోళ్లెవలు? లావా, బక్కనా?"

"మనుషులే అవ్వా."

పట్టీలు చేతికొచ్చేసరికి రైలుకు ఒక్క రోజుంది. ఒక్కోటి రెండు వేళ్లు తక్కువ. నా జాన చేటంత, అవ్వ జాన పిట్ట రెక్కంత. పట్నంలో బక్కవాళ్లే ఉండాలని మొక్కుకుని కుట్టేశాను.

దుకాణం ఆమె ఒకటి తొడుక్కుంది. గుండీలు కలవలేదు.

"ఇట్ల తెరిచి వేసుకునే ఫ్యాషనండీ" అన్నాను.

ఆమె నవ్వింది. నవ్వి, ఆరూ తిరిగిచ్చింది. రైల్లో మూట ఒళ్లో పెట్టుకుంటే ప్రతి అద్దంలో నా మొహమే. చూడలేక తువ్వాలు కప్పాను.

స్టేషన్ నుంచి నేరుగా తండాకు పోయాను.

"గుండీలు పడలే అవ్వా. నీ జాన చిన్నది."

"నా చెయ్యి నాకున్నంతే ఉంటది. ఎవలకని అడిగితే మనుషులంటివి."

జోకులు పక్కన పెట్టాను. మిషను పోతుందని, రేపట్నుంచి యార్డేనని చెప్పాను.

ఆమె సూదిమొనతో కుట్లు విప్పసాగింది. ఒక్క అద్దం పగల్లేదు.

"బట్ట ఖరాబ్ గాలే. మల్ల కుట్టొచ్చు. గీసారైన ఎవలకో చెప్పు."

చెప్పడానికి ఒక్క మనిషీ లేడు. "నాకే" అన్నాను.

ఆమె లేచి నా ఛాతీ మీద జానలు వేసింది.

"జర నిటారుగ నిలబడు, కొడుకా. బస్తాలు మోసినంక వంగుతవ్. కొలత గిప్పుడే తీస్కుంట."