పిన్ని ప్రార్థన చేయించిన సెట్టు

ఆ రోజుల్లో నాకున్నవి రెండే పనులు. కార్లో అనే ఐరిష్ ఊళ్ళో ఎమ్మెస్ చదవడం, పిన్ని చెప్పింది వినడం. రెండూ అంతంతమాత్రంగానే చేశానని ఇప్పుడు అర్థమవుతోంది (పిన్నికి అప్పుడే అర్థమైంది). పిన్ని అక్కడ ముసలివాళ్ళ నర్సింగ్ హోములో నర్సు. రాత్రంతా డ్యూటీ, పగలు నిద్ర, ఆదివారం చర్చి. ఐర్లండులో గది దొరకడం ఉద్యోగం దొరకడం కన్నా కష్టం కాబట్టి, తనింట్లో చిన్న గది నాకిచ్చిన పిన్ని ఎంతంటే అంత. అలాంటి నేను ఒక శనివారం మధ్యాహ్నం, వాన తగ్గేదాకా ఆగుదామని ఊళ్ళోవాళ్ళు కలుసుకునే పారిష్ హాలు గుమ్మంలో నిలబడ్డాను. లోపల ఏడుగురు పెద్దవాళ్ళు ఎనిమిదో మనిషి కోసం చూస్తున్నారు. ట్రాక్టరు మీద వచ్చిన ఒక తెల్లజుట్టు పెద్దాయన (అప్పట్నుంచీ నాకు ట్రాక్టర్ తాత) నవ్వుతూ చెయ్యి చాచాడు. అకార్డియన్ మోగింది. వాన ఎప్పుడు తగ్గిందో నాకు తెలియదు.

నాలుగు జంటలు ఎదురెదురుగా నిలబడి ఆడే ఆ ఆటని సెట్ డాన్స్ అంటారు. ఇంటికొచ్చి, "పిన్నీ, ఇక ప్రతి శనివారం సెట్ ప్రాక్టీసుంటుంది" అని ఉన్నమాటే చెప్పాను. ఎంసెట్లు, ఐసెట్లు రాసి పెరిగిన వంశం మాది. పిన్ని మొహం వెలిగిపోయింది. "చదువు మీద ఇంకో చదువా? మంచిదేలే తల్లీ" అని ప్రతి శనివారం కోడిగుడ్డు ఉడకబెట్టి పెట్టేది. బుర్రకి మంచిదని తను పెట్టింది, కాళ్ళకి బలమని నేను తిన్నాను.

ఒక ఆదివారం చర్చిలో, పిన్ని అడిగిందని పాస్టరమ్మ ఆంటీ అందరి చేతా కళ్ళు మూయించి, "ప్రభువా, ఈ బిడ్డకి సెట్టులో మంచి ర్యాంకు దయచేయండి తండ్రీ" అని ప్రార్థించింది. నేనొక్కదాన్నే కళ్ళు తెరిచాను. ఆమెన్ అని ఊరుకుంటే పోయేది. ఊరుకోలేదు.

"ఆంటీ, అది పరీక్ష కాదండీ. డాన్సు."

పిన్ని ఇంటికి వచ్చాక మొదలుపెట్టింది. "పరాయి మగాళ్ళ చేతులు పట్టుకుని గెంతుతన్నావంటే! సిగ్గు లేదా?"

"నర్సింగ్ హోములో తాతల చేతులు నువ్వూ పట్టుకుంటావుగా."

"అది డ్యూటీయే."

"ఇది ఇష్టం పిన్నీ."

పెళ్ళికొడుకుని చూపించినప్పుడు కూడా ఎవరూ పలకని మాట మా ఇళ్ళలో అది. పిన్ని గుమ్మం పక్క బల్లకేసి చెయ్యి చూపించి, "మళ్ళీ శనివారం ఎళ్ళావనుకో, తాళంచెవి ఆ బల్ల మీద పెట్టి ఎళ్ళు" అంది.

పెట్టి వెళ్ళాను. చప్పుడు పిన్నికి వినపడాలని కాస్త గట్టిగానే పెట్టాను. హాలుకి వెళ్ళి ట్రాక్టర్ తాతకి సంగతి చెబితే "యూల్ బీ గ్రాండ్" అన్నాడు (ఏం కాదులే అని, ఇల్లు కూలినా ఆయన అదే అంటాడు). కానీ నేను రాకపోతే ఆ ఏడుగురూ టీ తాగి వెళ్ళిపోయేవాళ్ళే. ఈ దేశంలో నేను రాకపోతే ఆట ఆగిపోయే చోటు అదొక్కటే. వీధిలో పడ్డా సరే, మాననని మడమలు నేలకేసి కొట్టాను.

తిరిగొచ్చి తలుపు తడితే, చాలాసేపటికి పిన్ని నిద్రమొహంతో తీసింది.

"అయినయ్యా గెంతులు?"

"అయ్యాయి."

"వచ్చే శనివారం?"

"వెళ్తాను."

తాళంచెవి తెచ్చి నా చేతిలో కొట్టినట్టు పెట్టింది. "రాత్రంతా డ్యూటీ చేసొచ్చి పడుకున్నదాన్ని. నీ కోసం లేచి తలుపు తియ్యటం నా వల్ల కాదు."

నన్ను అర్థం చేసుకుని కాదు, నిద్ర చాలక ఇచ్చింది. అయినా నేను గెలిచినట్టే లెక్క. చర్చిలో మాత్రం పిన్ని, ఆ ప్రార్థన రోజు రానివాళ్ళతో "మా పిల్లకి సీటు రాలేదులెండి" అని సర్దిచెబుతుంటే, వెనక నుంచి "వచ్చింది ఆంటీ, నాలుగో జంటలో" అన్నాను.

ఇప్పుడు నా ఉద్యోగం డబ్లిన్ డాక్‌ల్యాండ్స్‌లో. శనివారం రైలెక్కి కార్లో వెళ్తాను. పిన్ని ఒక్కసారీ హాలుకి రాలేదు, రాదు కూడా. తాళంచెవి మాత్రం తిరిగి అడగలేదు. ఆ బల్లని చూసినప్పుడల్లా, అంత చప్పుడు చేసిన పిల్ల ముద్దొస్తుంది, కాస్త బెంగేస్తుంది కూడా.

మొన్న గుడ్డు ఒలుస్తూ పిన్ని అడిగింది. "ఇంకా ఎన్నాళ్ళే ఆ సెట్టు?"

"లాంగ్ టర్మ్ తీసుకున్నా పిన్నీ."