ఒక్కణ్ణే ఎత్తగలిగిన ఇంజన్

రెండువేల దశకం మొదట్లో నేను జూలూరుపాడులో పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి. ఆ రోజుల్లోనే కిరాయికి తీసుకున్న పత్తి గోదాములో, ఒక్క మనిషి కూర్చునే చిన్న విమానం కట్టాను. అల్యూమినియం గొట్టాలు, గుడ్డ రెక్కలు. అన్నీ అయ్యాక ఇంజన్ మిగిలింది.

ఖమ్మంలో పాత ఇనుము దుకాణాలు తిరిగి రెండు తెచ్చాను. ఒకటి టూ స్ట్రోక్ మోటార్‌సైకిల్‌ది. రెండోది చిన్న కారుది, రేడియేటర్‌తో సహా. మొదటిదాన్ని నేనొక్కణ్ణే రొమ్ముకు ఆనించుకుని ఎత్తగలిగాను. రెండోదానికి ఇద్దరు కావాలి.

రెండో మనిషి ఉన్నాడు. పొలాల్లో నీళ్ల ఇంజన్లు బాగుచేసే మెకానిక్. పని కాగానే రోజూ గోదాముకు వచ్చేవాడు. ఆ ఊళ్లో నాకున్న స్నేహితుడు అతనొక్కడే.

"బండి ఇంజన్ వద్దు సార్," అన్నాడు. "రోడ్డు మీదైతే మలుపు కాడ స్లో చేస్తం, జర సల్లబడతది. పైన గట్ల గాదు గదా. ఎక్కినకాడికెల్లి ఫుల్ రేస్ మీదనే ఉండాలె."

"కారుది బరువెక్కువ. లెక్క కట్టిన."

"రెక్కలు పెద్దగ చేద్దాం. కాదంటే బండి ఇంజన్నే మా మిరప చేను పంపుకు బెల్టేసి పెట్టున్రి. ఎకరం తడిసేదాక ఆగకుంటే, దాంట్ల ముందు నేనే ఎక్కుత."

మా వైపు బాగుచేసిన ఇంజన్‌ను ఎవరూ మాట మీద తీసుకోరు. పంపుకు కట్టి, చివరి సాలుకు నీళ్లు చేరేదాకా గట్టు మీద కూర్చుంటారు. నాకది చిన్నతనంగా తోచింది.

"విమానం ఇంజన్‌తో మిరపకు నీళ్లు పెట్టాల్నా? నీకు పంపులు తప్ప ఏం తెలుసు?"

"అవ్ సార్, పంపులే తెలుసు," అని నవ్వాడు. నా మాట ప్రకారమే బండి ఇంజన్‌కు కొత్త పిస్టన్ రింగులు వేసి ఇచ్చాడు.

గోదాము ముందు పది నిమిషాలు తిప్పి, చాలనుకున్నాను. ఎండాకాలం ఒక పొద్దున, పత్తికట్టె పీకేసిన చేలో విమానం లేచింది. తాటిచెట్టంత ఎత్తులో, రెండో చుట్టులో ఇంజన్ పట్టేసింది. దుక్కిలో పడ్డాను. చక్రం విరిగింది, మోచెయ్యి చీరుకుపోయింది. అందరికంటే ముందు అతనే ఉరికొచ్చాడు.

మధ్యాహ్నం ఇంజన్ విప్పి చూశాను. రింగుల తప్పేమీ లేదు. ఆగకుండా తిరిగిన వేడికి పిస్టన్ ఉబ్బి బిగుసుకుపోయింది. సాయంత్రం టీ బండి దగ్గర ఊరివాళ్లు "ఏమైంది సార్?" అని అడిగితే మాత్రం, "రింగులు సరిగ్గ వెయ్యలే," అన్నాను.

పాఠాలు చెప్పే మనిషి మాటను ఊరు నమ్మింది. అతని దగ్గరికి ఇంజన్లు రావడం తగ్గింది. ఆ రోజు నుంచి అతను గోదాముకు రాలేదు. మరుసటి ఏడాది వైరాకు మారిపోయాడు.

తర్వాతి ఎండాకాలం కారు ఇంజన్‌ను కప్పీతో లేపి ట్రాలీ ఎక్కించి, ఒక రైతు పంపుకు కట్టాను. ఎకరం తడిసింది. ఇంజన్ ఆగలేదు. గట్టు మీద నా పక్కన ఎవరూ లేరు.

మర్నాడు బస్సెక్కి వైరా వెళ్లాను. అతను షెడ్డులో ఏదో విప్పుతున్నాడు. తప్పు నాదేనని చెప్పాను. అతను తల ఎత్తలేదు.

"గా ముచ్చట నాకెందుకు సార్? నాకెరుకే గదా. టీ బండి కాడ చెప్పిన్రు, ఆడనే చెప్పున్రి."

ఆ సాయంత్రమే చెప్పాను. బెంచీ మీద నలుగురున్నారు. "గిన్ని రోజులకా సార్?" అన్నాడు టీ పోసే మనిషి. "పాపం, మంచిగనే చేస్తుండె," అన్నాడు ఇంకొకాయన. తర్వాత వానల మాటల్లో పడ్డారు.

రెక్కలు అతను చెప్పినట్టే పెద్దవి చేశాను. కారు ఇంజన్ వాటి కింద ఇటుకల మీదే ఉండిపోయింది. కప్పీ దాన్ని లేపుతుంది. కానీ బోల్టు రంధ్రాలు కలవాలంటే అవతలి వైపు ఇంకొకరు పట్టుకోవాలి. కూలికి ఎవరిని పిలిచినా కొద్దిసేపటి పని. పిలవలేదు. ఆ ఊళ్లో ఉన్నన్నాళ్లు, ఒకప్పుడు అతను వచ్చే వేళకు రోజూ గోదాము తలుపు తీసి కూర్చునేవాణ్ణి.