సగం బెజ్జం

గంట పట్టే పనిని నిమిషంలో ముగించబోయి ఆరేళ్ళు పాడుచేసిన తెలివిగలవాణ్ణి నేను. పాడైనవి నా ఏళ్ళే అయితే ఇదంతా రాసేవాణ్ణి కాదు. నా ఏళ్ళకు అంత విలువేమీ లేదు. రిటైరైన సైన్సు మాస్టారి ఏళ్ళు, ఎటు పోయినా అడిగేవాళ్ళుండరు. పాడైనవి మా బావవి. ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా బాగానే దాచుకున్నాను గానీ, మూడు నెలల కిందట మదనపల్లెలో మా ఇంటి వసారాలో కాఫీ తాగుతూ ఫోన్ తెరిస్తే అది నన్ను నిలదీసింది. ఎప్పుడో కొన్న మినీ డ్రిల్ బొమ్మ ఒకటి చూపించి, 'మళ్ళీ కొంటారా? మీ అనుభవం ఎలా ఉంది?' అని అడిగింది. కింద ఐదు ఖాళీ నక్షత్రాలు. నా అనుభవం చెప్పడానికి నక్షత్రాలు చాలవు, శనిగ్రహం కావాలి. కాఫీ చల్లారిపోయింది. మరునాడే పుంగనూరు బస్సెక్కాను.

బావ అంటే మా అక్క భర్త. పుంగనూరు దాటి రామసముద్రం పోయే దారిలో వాళ్ళ పల్లె. కొంచెం మెట్ట చేను, నాలుగు ఆవులు, వాటిని కట్టే కొట్టం. ఆ కొట్టంలోనే ఒక మూల గోనెపట్ట పరుచుకుని ఆయన జానెడు బండ్లు చేసేవాడు. ట్రాక్టర్లు వచ్చాక ఊళ్ళలో ఎద్దులబండ్లను పొయ్యిలోకి నరుకుతుంటే చూడలేక, నరికేవాళ్ళ దగ్గర ఒక్క ముక్క అడిగి తెచ్చుకుని, ఆ బండి కొయ్యతోనే ఆ బండిని చిన్నదిగా చేసి వాళ్ళకే ఇచ్చేవాడు. అసలు బండికి కుడిచక్రంలో ఒక ఆకు, అదే చక్రం పుల్ల, మార్చి ఉంటే, బొమ్మ బండికీ కుడిచక్రంలో ఒక ఆకు రంగు తేడాగా ఉండేది. కాడికి కట్టే నొగ కొంచెం వంకరైతే ఇక్కడా వంకరే. "వంకర తీసేస్తే అది వాళ్ళ బండి యాడయితాదప్పా, అంగట్లో బొమ్మయితాది" అనేవాడు.

ఆయన పనిముట్లలో రాజు బరమా. వెదురుబద్దతో చిన్న విల్లు, దానికి బిగించిన తాడు, ఆ తాడుకు ఒక చుట్టు చుట్టిన వేలెడు కర్ర, కర్ర కొసన ముల్లు. ఎడమచేతిలో కొబ్బరిచిప్ప ముక్కతో కర్ర తల అదిమిపట్టి, కుడిచేత్తో విల్లు ముందుకూ వెనక్కూ లాగితే కర్ర గిరగిరా తిరిగి ముల్లు కొయ్యలోకి దిగుతుంది. ముళ్ళు మూడు. సైకిలు పుల్లను సాగగొట్టి నూరినది 'ఎద్దు', గొడుగు కమ్మితో చేసినది 'ఆవు', గోనెపట్టలు కుట్టే దబ్బనంతో చేసిన అన్నిటికంటే సన్నది 'పుంగనూరు'. ఆ ఊరి పొట్టి ఆవు పేరన్నమాట. "పొట్టిదే గానీ సెప్పిన మాట ఇంటాది" అని దాన్ని మెచ్చుకునేవాడు.

రిటైరయ్యాక ఆదివారాలు ఏం చేయాలో తోచక నేనాయనకు శిష్యుణ్ణయ్యాను. ముప్పై ఏళ్ళు పిల్లల జవాబుపత్రాల్లో రంధ్రాన్వేషణ చేసినవాణ్ణి, ఒక్క రంధ్రం తిన్నగా చేయడం మాత్రం చేతకాలేదు. నా చేతిలో బరమా ఎప్పుడూ ఒక పక్కకు ఒరిగేది. బావ ఓపిగ్గా ఒకే పాఠం చెప్పేవాడు. "ఒగే పక్కనుంచి పొడిస్తే కొయ్య ఏడుస్తాదప్పా. ఈ పక్క సగం, ఆ పక్క సగం. రెండూ నడాన కల్సుకోవల్ల. పది ఊపులకొగసారి నిలపల్ల, దానికీ ఊపిరాడల్ల గదా." ముల్లు అవతలికి పొడుచుకొస్తే కొయ్య అంచు చిట్లుతుందని ఆ పద్ధతి. ఆయనకు ఇంకో పట్టింపు ఉండేది. మొదటి సగం అయ్యాక అక్క అన్నానికి పిలిచినా లేచేవాడు కాదు. "సగం బెజ్జం ఇడిసిపెట్టి లేస్తే నాకు ముద్ద దిగదు" అనేవాడు. చల్లారిన సంగటి ముద్ద ముందు కూర్చుని మా అక్క, ఆ బెజ్జం కనిపెట్టినవాణ్ణి తిట్టేది.

శిష్యుడికి ఓపిక లేకపోతే ఏం చేస్తాడు? మిషన్ కొంటాడు. పెన్ను కంటే కాస్త లావు, చార్జింగ్ పెట్టుకునే డ్రిల్, దాంతోపాటు డబ్బానిండా సన్న సన్న బిట్లు. గర్వంగా కొట్టంలో విప్పి చూపించాను.

"ఏమప్పా ఇది, గడ్డం గీసుకునే మిషనా?"

"కాదు బావా, బెజ్జాలు పెట్టేది. నిమిషానికి పదైదువేల సుట్లు తిరుగుతాది."

"అన్ని సుట్లు తిరిగి యాడికి పోతాది? ఈడనే గదా ఉండల్ల."

దాని రొదకు ఆవులు బెదిరి చెవులు నిక్కించాయి. బావ దాన్ని మర్యాదగా డబ్బాలో పెట్టి మూత వేశాడు. నాకు రోషం వచ్చింది.

అప్పుడే కుప్పం బండి పని నడుస్తూ ఉంది. కుప్పం దగ్గర పల్లెలో ఒక పెద్దాయన. నలభై ఏళ్ళు ఒకే బండి మీద కూరగాయలు సంతకు తోలినవాడు. చూపు పూర్తిగా పోయింది. బండి పోయి చాలాకాలమైనా చక్రాల నడిమి బొడ్లు రెండూ మిగిలితే, బండి వంకరలన్నీ చెప్పి, ఒక బొడ్డును మనవడి చేత పంపించాడు. కళ్ళు లేవు గాబట్టి తడిమి చూసుకుంటానన్నాడట. ఆ బొడ్డు తుమ్మకొయ్య. ఏళ్ళ తరబడి ఇరుసుకు పూసిన కందెన, ఆముదమూ మసీ కలిసి, కొయ్య లోపలిదాకా ఇంకిపోయి నల్లగా నిగనిగలాడేది. దాన్ని చెక్కుతుంటే కొట్టమంతా పాత బండి వాసన. బావ రెండు నెలలు చేశాడు. చివరికి ఒక చక్రంలోకి ఇరుసు కొంచెం బిర్రుగా పోతోందని, రేపు రెండువైపులా నిలిపి నిలిపి ఒక గంట ఊపితే సరిపోతుందని పక్కన పెట్టాడు.

మరునాడు నేను వెళ్ళేసరికి పశువుల డాక్టరు వచ్చాడని బావ ఆవుల్ని తోలుకుని వీధి చివరికి పోయాడు. చక్రం గోనెపట్ట మీద ఉంది. నా సంచిలో డ్రిల్ ఉంది. ఒక్క నిమిషం, అనుకున్నాను. బావ తిరిగొచ్చేసరికి ఇరుసు వెన్నలో వేలులా దూరుతుంటే ఆయన ముఖం చూడాలనుకున్నాను. ఒకే పక్కనుంచి పెట్టి నొక్కాను. కాలిన ఆముదం వాసన గుప్పుమంది, చిన్నగా 'టిక్' మంది, అంతే. అవతలి అంచునుంచి బొడ్డు సగందాకా వెంట్రుకవాసి చీలిక.

చేసిన తప్పుకంటే తర్వాత చేసినదే నన్ను ఇప్పటికీ తొలిచేది. జేబులో ఉన్న జిగురు గొట్టం తీసి చీలికలో పోశాను. పైన రంపప్పొట్టు అద్ది, వేలితో రుద్ది, కందెన మసి పూశాను. నూనె ఇంకిన కొయ్యకు జిగురు పట్టదని పిల్లలకు చెప్పగలిగినవాణ్ణే, నాకు నేను చెప్పుకోలేదు. బావ వచ్చి ఇరుసు దూర్చి ఆశ్చర్యపోయాడు.

"నిన్న బిర్రుగా ఉండె గదప్పా, ఈపొద్దు తట్టకుండా దూరె!"

"ఎండకు కొయ్య తెరుసుకొనింటాది బావా."

"సైన్సు సారే సెప్పినంక ఇంకేముండాది."

ఆ రోజు పొద్దుటినుంచీ మబ్బు.

ఆ వారమే ఇద్దరం బండిని గుడ్డలో చుట్టుకుని, పలమనేరులో బస్సు మారి, బైరెడ్డిపల్లె మీదుగా కుప్పం వెళ్ళాం. దారిలో ప్రతి గుంతకూ నా గుండె బస్సుకంటే ఎక్కువ ఎగిరింది. పెద్దాయన అరుగు మీద కూర్చుని రెండు చేతులూ చాచాడు. బండిని ఒళ్ళో పెట్టుకుని ముందు వాసన చూశాడు. ముఖం విప్పారింది. కాడి, నొగ, వంకరగా ఉన్న ఎడమ గుంజ, ఒక్కొక్కటీ వేళ్ళతో పలకరించాడు. "ఇది మా బండేనప్పా" అన్నాడు లోపలున్న కోడలికి వినిపించేట్టు. తర్వాత చూపుడువేలితో చక్రం తిప్పాడు. మూడో చుట్టులో బొడ్డు రెండుగా విడిపోయి ఆకులన్నీ ఒళ్ళో రాలాయి.

"అయ్యో! నా మోటు సేతులప్పా, ఇరగ్గొట్టేస్తి" అన్నాడు పెద్దాయన.

"నువ్వు గాదన్నా. నా కండ్లు పాడుగానూ. బెజ్జం తప్పుపెట్టుండా, సూసుకోలే" అన్నాడు బావ.

"లేదప్పా, నేనే గట్టిగా తిప్పితి."

"నీదేం లేదంటే ఇనన్నా."

తప్పు నాదంటే నాదని ఇద్దరూ పోటీపడుతున్నారు. అసలు హక్కుదారు పక్కనే కూర్చుని కాఫీలో బిస్కెట్ ముంచుతున్నాడు. అప్పుడు నోరు విప్పి ఉండవచ్చు. నోట్లో బిస్కెట్ ఉంది. అది కరిగిపోయాక కూడా విప్పలేదు.

ఇంటికి రాగానే బావ బరమాను కొట్టం దూలానికి తగిలించాడు. "కండ్లు మోసం జేసినంక సెయ్యేం జేస్తాదప్పా" అన్నాడు. నేనాయన్ను మదనపల్లెకు తీసుకొచ్చి కళ్ళడాక్టరుకు చూపించాను. కళ్ళు బాగున్నాయన్నాడు. "ఆయనకేం తెలుసు. బెజ్జం తప్పింది నాకు గదా తెలుసు" అని బావ మళ్ళీ ఆ మాటెత్తలేదు. నేను మాత్రం ప్రతి ఆదివారం అరటిపండ్లు, బత్తాయిలు మోసుకెళ్ళేవాణ్ణి. "ఏమిరా, మా ఇంట్లో ఎవురికన్నా బాగలేదా?" అనేది అక్క. బాగలేనిది నాకని చెప్పడానికి ఆరేళ్ళు పట్టింది.

ఫోన్ అడిగిన మరునాడు కొట్టంలో నిలబడి అంతా చెప్పాను. మబ్బు సంగతితో సహా. అక్క విని కడుపునిండా తిట్టింది. బావ తిట్టలేదు. చాలాసేపు ఆవు గంగడోలు నిమురుతూ నిలబడ్డాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "అప్పుడు కండ్లు బాగనే ఉండె, అట్లయితే. ఇప్పుడు నిజంగానే మసక వస్తాండాదప్పా." బక్కెట్ తీసుకుని నీళ్ళకు పోయాడు. సాయంత్రం బస్సు వేళదాకా కూర్చున్నాను. పాలు కాచి ఇమ్మన్నాడు, బస్సుకు టైమైందన్నాడు, ఒక్క తిట్టు మాత్రం పెట్టలేదు. ఆయన తిట్టి ఉంటే నేను హాయిగా ఇంటికొచ్చేవాణ్ణి. అది తెలిసే ఎగ్గొట్టాడేమో.

మరో వారానికి ఒంటరిగా కుప్పం వెళ్ళాను. పెద్దాయన ఇంకా గట్టిగా ఉన్నాడు. ఒంటిచక్రం బండి గూట్లో ఉంది. విషయం చెప్పగానే ఆయన అరుగు దద్దరిల్లేట్టు నవ్వాడు. "అయితే ఇరగ్గొట్టింది నేను గాదు! యో కోడలా, ఇన్యావా? నేను గాదంట!" నవ్వు అయ్యాక రెండు అరచేతులూ ఒకదానితో ఒకటి రుద్దుకున్నాడు. "ఆపొద్దునుంచి దేన్నీ గట్టిగా పట్టుకోలేదప్పా. మునిమనవరాల్ని గూడా" అన్నాడు. నాకు కాఫీ ఇచ్చారు. బిస్కెట్ ముట్టలేదు. పాత బండి రెండో చక్రం బొడ్డు ఏమైందని అడిగితే, కోళ్ళగూడు తలుపుకు అడ్డంగా పెట్టామని కోడలు చెప్పింది. కోళ్ళ అనుమతితో అందులోనుంచి పిడికెడు ముక్క కోయించుకుని, ఆ అడ్డానికి బదులు ఒక ఇటుకరాయి పెట్టి వచ్చాను.

ఇక నా పగ. తిట్టనందుకు బావ మీద పగ తీర్చుకోవాలి కదా. డ్రిల్‌ను అటక మీదికి విసిరేశాను. పాత గొడుగు విరిచి కమ్మి నూరుకున్నాను. వెదురుబద్ద వంచి బరమా నేనే చేసుకున్నాను. అదే వసారాలో కూర్చుని, పాడు కొయ్యల మీద నెలన్నర చెయ్యి తిప్పి, తర్వాత కుప్పం ముక్కను చిన్న బొడ్డుగా చెక్కి, ఒక పక్కనుంచి బెజ్జం మొదలుపెట్టాను. పది ఊపులకొకసారి నిలిపాను. గంట పట్టింది. సరిగ్గా నడిమికి రాగానే ఆపేశాను. మొన్న ఆదివారం పుంగనూరు వెళ్ళి, బావ చేనికి పోయిన వేళ చూసి, ఆయన రోజూ చెయ్యిపెట్టే కొట్టం గూట్లో ఆ బొడ్డును పెట్టి, అక్కకైనా చెప్పకుండా తిరుగుబస్సెక్కాను.

బుధవారం పొద్దున ఫోన్ మోగింది.

"ఎవురప్పా ఈ బెజ్జం పెట్టింది? ఎలుకా?"

"నేనే బావా."

"నువ్వు మనిసివేనా? సగం బెజ్జం ఇడిసిపెట్టి పోతారా ఎవురన్నా? మూడు పొద్దులనుంచి నాకు ముద్ద దిగలే. అదీ ఒగ పక్కకు ఒరిగిండాది. ముప్పై ఏండ్లు ఏం సదువు సెప్పినావో, ఆ పిల్లోళ్ళు ఏమైపొయినారో! దొంగోడా, మబ్బులో ఎండ సూపించినోడా..."

ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకున్నాను. ఆరేళ్ళ బాకీ తిట్లు, ఒక్కటీ వదలకుండా తిట్టాడు. ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు వెనక 'గుర్రు... గుర్రు...' మని విల్లు లాగుతున్న చప్పుడు వినిపించింది. ఫోన్ అక్క పట్టుకుని ఉందని అప్పుడర్థమైంది.

"కండ్లు ఆనుతాండాయా బావా?"

"కండ్లెందుకు. సప్పుడు ఇంటాండా. మాట్లాడొద్దు, కల్సుకునే సోటికొచ్చింది."

నేనూ ఆ చప్పుడే వింటూ కూర్చున్నాను. ఇవతలి సగం తొలిచి ఆపేసిన బెజ్జంలాగే, ఆగిపోయిన కాలం కూడా, అవతలి పక్కనుంచి ఎవరైనా మళ్ళీ మొదలుపెట్టేదాకా, అట్లా చీకటిగానే కాచుకుని ఉంటుంది.